రాగం తెమ్మన్నందుకు

నేను అనుమానం మనిషిని. ఈ మాట నా వెనక అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, కాబట్టి ముందు నేనే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఇవాళ నీళ్ళు కాస్త ఎక్కువ పోశాడేమో అనుకుంటాను. ఎవరైనా నా పాట బాగుందంటే వీళ్ళకు నాతో ఏం పని పడిందా అని ఆలోచిస్తాను. ఈ గుణం వల్ల నాకు స్నేహితులు తగ్గారు, నిద్ర తగ్గింది. ఒక్కసారి మాత్రం ఇదే గుణం ఒక మనిషి దగ్గు వెనక ఏముందో పట్టుకుంది. పట్టుకున్నాక ఆయన్ని ఆసుపత్రి మెట్లెక్కించడానికి నేను పడ్డ అవస్థ, అందులో నేను చేసిన తప్పు ఇన్నాళ్ళకు రాస్తున్నాను.

మాది హుజూరాబాద్. నాన్న మిషన్ చర్చిలో హార్మోనియం వాయించేవాడు. నాకు స్వరాలు నేర్పింది ఆయనే. పెళ్ళయి నస్పూర్ వచ్చాక, బొగ్గు పని చేసేవాళ్ళ క్వార్టర్లకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న ప్రైవేటు బడిలో సంగీతం టీచరుగా కుదిరాను. ఇక్కడ గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. మా బడి పిల్లల్లో దాదాపు అందరి తండ్రులూ బాయి పనివాళ్ళే. ఒకటో తరగతికి వారానికి రెండు పీరియడ్లు నావి, రెండూ మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే. అంటే మిగతా టీచర్లెవరూ వద్దన్న పీరియడ్లు. పెద్ద మేడమ్ నన్ను అడిగింది ఒక్కటే, యాన్యువల్ డేకు రెండు పాటలు తయారు కావాలని. నాకేమో పాట పాడించే ముందు, పాట ఏం చెబుతోందో వినడం నేర్పాలని పట్టుదల.

బోర్డు మీద నాలుగు ముఖాలు గీశాను. సంతోషం, దుఃఖం, కోపం, భయం. ఒకే వరుసను ఒకసారి మెల్లగా, ఒకసారి గబగబా, ఒకసారి గట్టిగా, ఒకసారి తడబడుతూ వాయించి ఇది ఏ ముఖం అని అడిగేదాన్ని. పిల్లలు టకటకా చెప్పేవాళ్ళు. ఎంత టకటకా అంటే నాకు అనుమానం వచ్చింది. అన్నం తిని కళ్ళు మూతలు పడే వేళ ఇరవై ఆరు మంది ఆరేళ్ళ పిల్లలు ఒక్క గొంతుతో దుఃఖం అంటే నమ్మేదెలా? రెండు పీరియడ్లు గమనిస్తే సంగతి తెలిసింది. వాళ్ళు హార్మోనియం వినడం లేదు, నా ముఖం చూస్తున్నారు. నేను కనుబొమలు దించితే దుఃఖం, పళ్ళు బిగిస్తే కోపం.

తర్వాతి పీరియడ్‌కు ఇంటి నుంచి పాత దుప్పటి తెచ్చాను. తలుపు గడియకూ కిటికీ ఊచకూ తాడు కట్టి, దుప్పటి వేలాడదీసి, దాని వెనక కూర్చుని వాయించాను. క్లాసు కిక్కురుమనలేదు. కాసేపటికి ఒకడు నేల మీద పడుకొని దుప్పటి కింద నుంచి చూసి, మేడమ్ కాలు ఊపుతోంది కాబట్టి సంతోషం అని ప్రకటించాడు. మిగతా పాతిక మందీ సంతోషం అన్నారు. నేను వాయించింది భయం.

అప్పుడు ముఖాలు చెరిపేసి మనుషుల్లోకి దిగాను. ఒక మనిషి ఎలాంటివాడో కూడా వరుసలో చెప్పొచ్చు అని చెప్పి పెద్ద మేడమ్ నడకను వాయించాను. కింది స్వరాల మీద నిదానంగా నాలుగడుగులు, ఆగడం, ఉన్నట్టుండి వెనక్కి తిరిగి చూడడం. దుప్పటి అవతల పిల్లలు పడీ పడీ నవ్వారు. ఎవరో చెప్పక్కర్లేకుండానే పట్టుకున్నారు. సైకిల్ మీద గుడ్లు తెచ్చే ఆయన్ని వాయించాను, బస్సులో చిల్లర ఇవ్వని కండక్టర్ని వాయించాను. వీళ్ళు నిజంగానే వింటున్నారని నమ్మాను. సగమే నమ్మాను లెండి. మూడో బెంచీ చివర కూర్చునే ఒక పాప మాత్రం ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. రెండు జడలు రెండు దిక్కులకు వంకరపోయి ఉండేవి. నేను వాయిస్తున్నంతసేపూ బెంచీ మీద వేలితో గీతలు గీస్తూ ఉండేది. ఆ పాప పేరు పక్కన నా పుస్తకంలో "వినదు" అని రాసుకున్నాను.

ఇక నేను ఇచ్చిన హోంవర్క్. వచ్చే పీరియడ్‌కు ప్రతి ఒక్కరూ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఒక రాగం నేర్చుకొని రావాలి, అది వింటే ఒక మనిషి ఎలాంటివాడో మాకందరికీ తెలియాలి అన్నాను.

ఈ వైపు రాగం అంటే ఏమిటో నాకు తెలియక కాదు. చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్ళు పోయిన మనిషిని పిలుస్తూ, ఆ మనిషి గుణాలన్నీ ఒక్కొక్కటే చెబుతూ, వరుస కట్టి ఏడుస్తారు. దాన్నే రాగం తీసుడు అంటారు. హుజూరాబాద్‌లోనూ ఆ మాటే. కానీ మా ఇంట్లో దానికి చోటు ఉండేది కాదు. ఎవరైనా పోతే చర్చి పెద్దలు కీర్తన అందుకొని, రాగం తీయబోయిన ఆడవాళ్ళను ఊరుకోబెట్టేవాళ్ళు. మా నాయనమ్మ మాత్రం దొడ్లోకి పోయి అక్కడ తీసుకునేది. అలా ఆ మాట నా చెవిలో ఉండి కూడా నోటికి దూరమైంది. పైగా బడి మెట్లెక్కితే చాలు, నా నోటికి పుస్తకాల తెలుగు వచ్చేస్తుంది. బడిలో రాగం అంటే నాకు సరిగమలే. మగవాళ్ళు బాయి పనికి పోయే ఇరవై ఆరు ఇళ్ళకు పిల్లలను పంపి, చావు ఏడుపు నేర్పమని పెద్దవాళ్ళను అడిగించానని నాకు తట్టనే లేదు.

ఆ పీరియడ్ రానే వచ్చింది. సగం మంది మరిచిపోయారు. ఒకడు వాళ్ళ మామ ఫోన్ రింగ్‌టోన్ పాడాడు. ఒక పిల్ల ఉల్లిగడ్డల ఆటో మైకులో వచ్చే అరుపును ఉన్నదున్నట్టు దింపింది, చాలా బాగుంది కూడా. ఆ తర్వాత లేచినవాడు ముఖం మాడ్చుకొని, "రాగం నేర్పవే అంటె మా నాయనమ్మ కొట్టింది మేడమ్. ఇంట్ల ఎవలు సచ్చిండ్రురా అన్నది" అన్నాడు. ఇంకో పిల్ల తనకు తలస్నానం చేయించి దిష్టి తీశారని చెప్పింది. చేసిన ఘనకార్యం అప్పుడు అర్థమైంది. దుప్పటి విప్పేసి, రాగాలు చాలు, పాట పాడుకుందాం అనబోయాను.

సరిగ్గా అప్పుడు మూడో బెంచీ పాప లేచి నిలబడింది. తాను నేర్చుకొని వచ్చానని చెప్పింది. అక్కడే ఆపాల్సింది. కానీ రెండు నెలలుగా నోరు విప్పని పిల్ల లేచి నిలబడితే వినకుండా ఉండడం నా వల్ల కాలేదు. పాడమన్నాను.

ఓ బాపో, నా బాపో
చెప్పులు తిప్పి ఇడుస్తివి బాపో
సాసర్ల చాయ్ ఊదుకుంట తాగితివి బాపో
నా జడలు వంకర ఏస్తివి బాపో
ఎర్రగ ఉమ్మి మన్ను గప్పితివి బాపో

ప్రతి వరుసా పైన మొదలై దిగుతూ దిగుతూ వచ్చి "బాపో" దగ్గర వణికి ఆగేది. ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు. కానీ ఒక మనిషి వచ్చి మా మధ్య కూర్చున్నట్టే అయింది. నేను హార్మోనియం మీద అన్ని తంటాలు పడి తేలేనిది ఆ పిల్ల అయిదు మాటల్లో తెచ్చింది. పిల్లలు చెప్పుల దగ్గర నవ్వారు. జడల దగ్గర ఇంకా నవ్వారు. ఆఖరి వరుసకూ నవ్వారు. నేను నవ్వలేదు.

తండ్రి లేని పిల్ల అనుకున్నాను ముందు. ఇంటర్వెల్‌లో దగ్గర కూర్చోబెట్టుకొని అడిగితే తండ్రి ఉన్నాడు, రాగం నేర్పింది ఆయనే. వాళ్ళది బోథ్ దిక్కు. ఇక్కడ క్వార్టర్ల వెనక ఒక మేడ మీద గదిలో అద్దెకుంటారు. తండ్రి బొగ్గు లోడింగ్ దగ్గర కాంట్రాక్టు పనికి పోతాడు. పాప రాగం అడిగినందుకు తల్లి చెంప మీద ఒకటి వేసిందట, ఆ వేళ్ళ గుర్తు ఇంకా ఉంది. తండ్రి మాత్రం నవ్వి, ఒళ్ళో కూర్చోబెట్టుకొని, వాళ్ళ నాన్న పోయినప్పుడు వాళ్ళమ్మ తీసిన రాగాన్ని అందుకొని, అందులో తననే పెట్టి పాడాడట. మంచిగ ఏడువాలంటె మనిషి ఎసొంటోడో చెప్పాలె అన్నాడట. రెండు నెలలుగా నేను బోర్డు మీద రాసి చెరుపుతున్న పాఠాన్ని ఆయన ఒక్క మాటలో ముగించాడు. కాస్త కుళ్ళుకున్నాను.

ఆఖరి వరుస కూడా మీ బాపే నేర్పాడా అని అడిగాను.

"కాదు, అది నేనే ఏసిన" అంది. "మనిషి ఎసొంటోడో చెప్పుమన్నరు గద."

మీ బాపు పాన్ తింటాడా, గుట్కా వేసుకుంటాడా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. దగ్గుతాడు, దగ్గి ఉమ్ముతాడు, కాలితో మట్టి కప్పుతాడు, అంతే. ఎవరికీ చెప్పొద్దన్నాడా అంటే, "చెప్పద్దన్లే. నేను చూడలే అనుకుంటడు" అంది.

ఆ సాయంత్రానికి ఇద్దరు తల్లులు, ఒక నాయనమ్మ పెద్ద మేడమ్ గదిలో ఉన్నారు. సంగీతం టీచరు పిల్లలకు చావు ఏడుపులు నేర్పుతోందని ఒకామె, చర్చి మనిషి కదా ఏదో చేయిస్తోందని ఇంకొకామె. నాయనమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. మాట తేడా వల్ల వచ్చిన పొరపాటని నేను చెప్పాను. వాళ్ళు నమ్మినట్టు తల ఊపారు. నమ్మినట్టు తల ఊపడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. వాళ్ళు పోయాక పెద్ద మేడమ్ తలుపు వేసి, ఈ బడిలో రాగం అన్న మాట ఇంకోసారి వినపడకూడదని చెప్పింది. సంగీతం టీచరుకు.

ఆ పాప తండ్రి సంగతి ఆమెకు అప్పుడే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పెద్ద మేడమ్ నోట్లో మాట దాగదని నా అనుమానం. ఆమె ఆయాకు చెబుతుంది, ఆయా వీధికి చెబుతుంది, అది కాంట్రాక్టర్ చెవిన పడుతుంది. రక్తం పడుతున్న మనిషిని రేపటి నుంచి రావద్దంటారు. అసలు అది రక్తమేనా అన్నది ఇంకో అనుమానం. పిల్ల ఎర్ర మట్టిని చూసి ఉండొచ్చు. తండ్రి చాటుగా పాన్ నములుతూ ఉండొచ్చు. ముందు ఆయన్ని చూడాలనుకున్నాను.

ఆ వారం ఆయనకు మొదటి షిఫ్టు. పాపను తీసుకుపోవడానికి నాలుగింటికి బండి మీద వచ్చాడు. పొడుగాటి మనిషి, నవ్వు ముఖం, కళ్ళ అంచున కాటుకలా బొగ్గు పొడి. నేను గేటు లోపల నిలబడి చూస్తున్నాను. ఆయనకు దగ్గు వచ్చింది. గోడ వైపు తిరిగి, మెడలోని తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని దగ్గాడు. దగ్గడం అయ్యాక తువ్వాల విప్పి లోపల చూసుకున్నాడు. ఆ భాగం లోపలికి వచ్చేలా రెండు మడతలు పెట్టి, బండి పక్క పెట్టెలో పెట్టి, పెట్టెకు తాళం వేశాడు. తువ్వాలకు తాళం వేసే మనిషిని నేను అంతవరకు చూడలేదు.

నేను చూడడం ఆయన చూశాడు. పాప అల్లరి చేస్తోందా అని అడిగాడు. లేదు, బాగా పాడుతోంది అన్నాను. ఏం పాడిందన్నాడు. రాగం అన్నాను. నవ్వు అలాగే ఉంది గానీ దాని వెనక మనిషి పక్కకు జరిగాడు. అది నవ్వులాటకు నేర్పిందేనని చెప్పి, నా ముఖంలో ఏదో వెతికి, పాపను బండెక్కించుకొని పోయాడు. మర్నాటి నుంచి గేటు దాకా రాలేదు. అవతల టైర్ల దుకాణం దగ్గర ఆగి హారన్ కొట్టేవాడు.

రెండు రోజులకు పాప తల్లి వచ్చింది. ఒక హాస్టల్‌లో వంట చేస్తుందట, మధ్యలో తీరిక చేసుకొని వచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"మా ఇంటాయన గురించి మీకు ఎవలన్న ఏమన్న చెప్పిండ్రా మేడమ్?" అంది.

ఏం చెప్పాలి అన్నాను. ఏం లేదు, ఊరికే అడిగానంది. ఆయన ఒంట్లో ఎలా ఉంది అని నేనడిగాను. ఎందుకు అడుగుతున్నారని ఆమె అడిగింది. ఊరికే అన్నాను నేను కూడా. బాగానే ఉన్నాడు, జర దగ్గు, దుమ్ములో పని కదా అంది. అవును, దుమ్ము అన్నాను. ఇద్దరం కాసేపు దుమ్ము గురించి మాట్లాడుకున్నాం. ఆమె కళ్ళు నా నోటి మీద, నా కళ్ళు ఆమె చేతుల మీద ఉన్నాయి. చివరికి ఆమె ఉండబట్టలేక అనేసింది.

"సావు రాగం ఊకెనే ఎవలు నేర్పరు మేడమ్. ఏదో ఎర్క ఉన్నోళ్ళే నేర్పుతరు."

రాగం అనే మాట కథంతా చెప్పాను. హార్మోనియం తీసి సరిగమలు వాయించి మరీ చూపించాను. అంతా విన్నది, ఒక్క ముక్క నమ్మలేదు. ఆ ముఖం నాకు కొత్త కాదు. అద్దంలో రోజూ చూసే ముఖమే. ఈమెకు తెలియదు, నేను చెబితే ఇల్లు కూలుతుంది అనుకున్నాను. కాదు, ఈమెకు తెలుసు, నాకు తెలుసో లేదో తేల్చుకోవడానికి వచ్చింది అనుకున్నాను. ఆమె వరండా దాటేలోపు నాలుగుసార్లు అటూ ఇటూ అయ్యాను. వెనక నుంచి పిలుద్దామని నోరు తెరిచాను కూడా. గేటు వేసిన చప్పుడైంది.

పది రోజులు అలాగే గడిచాయి. చెప్పాలని రోజూ అనుకున్నాను, రోజూ ఒక కారణం దొరికింది. కారణాలకు నా దగ్గర ఎన్నడూ కరువు లేదు. ఆ పాపను నేను పాడమనడం మానేశాను. కానీ ఇప్పుడు తనే ఇంటర్వెల్‌లో నా దగ్గరికి వచ్చి నిలబడేది. ఒకరోజు నా చీర కొంగు పట్టుకొని, "బాపు మెట్ల నడుమ కూసుంటుండు మేడమ్. ఇదివరకు కూసోకపోతుండె" అంది. అంతే అని, ఆడుకోవడానికి పోయింది.

ఇక ఆగితే మనిషి దక్కడని భయం వేసింది. మామూలు మనిషయితే ఆ సాయంత్రమే ఆ మేడ మెట్లెక్కి తల్లితో చెప్పేది. నేను ఉపాయం పన్నాను. పాపను పిలిచి, బాపు మీద కట్టావు కదా, అమ్మ మీద కూడా ఒకటి కట్టు అన్నాను. మీ పాప మీ ఇద్దరి మీద యాన్యువల్ డేలో పాడుతుంది, ఇద్దరూ వచ్చి విని ఒప్పుకుంటేనే పాడిస్తాను అని ఇంటికి చీటీ రాసి పంపాను. అమ్మ మీద పాట నాకు ఒక సాకు మాత్రమే. నాకు కావలసింది ఆ ఎర్రటి వరుస తల్లి చెవిన పడడం. నా నోటితో చెప్పలేక ఆరేళ్ళ పిల్ల నోటితో చెప్పించబోయాను. అప్పుడది తెలివి అనిపించింది. ఇప్పుడు సిగ్గు వేస్తుంది.

శనివారం ఒంటిపూట బడి అయిపోయాక ఇద్దరూ వచ్చారు. ఆయన చెప్పులు బయట వైపు తిప్పి విడిచాడు. పిల్లల బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు, మధ్య ఇంకో మనిషి పట్టేంత ఎడం వదిలి. పాప బోర్డు ముందు నిలబడింది. నేను హార్మోనియం మీద శ్రుతి పట్టుకున్నాను.

చెప్పుల దగ్గర ఆయన నవ్వాడు. చాయ్ దగ్గర భార్య వైపు చూశాడు. జడల దగ్గర ఆమె కూడా కొంచెం నవ్వింది. ఎర్రటి వరుస వచ్చింది. ఆయన తల దించుకున్నాడు. నేను ఆమెనే చూస్తున్నాను. ఉలిక్కిపడుతుందని, లేస్తుందని, అరుస్తుందని చూశాను. ఆమె కదల్లేదు. కొంగు చివర వేలికి చుట్టి బిగిస్తోంది, వేలు తెల్లబడింది. అప్పుడు కూడా ఈమె ఏం దాస్తోంది అనే నా బుద్ధి. పాప ఆగలేదు. ఊపిరి తీసుకొని అదే వరుసలో అమ్మ మీద కట్టినది అందుకుంది.

ఓ అవ్వో, నా అవ్వో
అన్నం నాకు ముందు వెడ్తివి అవ్వో
కొట్టి మల్ల వీపు రుద్దితివి అవ్వో
బాపు పండినంక తాళం దీస్తివి అవ్వో
ఎర్ర తువ్వాల తెల్వనట్టు పిండితివి అవ్వో

హార్మోనియం తిత్తి నా చేతిలో ఆగిపోయింది. నాకు ఆ వరుస తెలియదు. ముందు విననే లేదు. ఆయన రోజూ తాళం వేసిన తువ్వాలను ఆమె రోజూ తీసి ఉతికి, ఆరబెట్టి, మళ్ళీ అక్కడే పెడుతోంది. ఆయన పొద్దున పెట్టె తెరిస్తే తెల్లటి తువ్వాల ఉంటోంది. అది చూసి ఆయన నోరెత్తలేదు, ఉతికి ఆమె నోరెత్తలేదు. ఎన్ని నెలలో నేను అడగలేదు. పాప చేతులు కట్టుకొని, బాగుందా అన్నట్టు ముగ్గురినీ చూసింది.

ఆయన నేల వైపే చూస్తూ అన్నాడు. "నువ్వు అడుగుతవేమోనని సూసిన."

"నువ్వు చెప్తవేమోనని నేను సూసిన" అంది ఆమె.

ఆమె లేచి నిలబడి, దవాఖానకు నడువు అంది. ఇవాళ రెండో షిఫ్టు ఉందన్నాడు ఆయన. ఆమె ఆయన చేయి పట్టుకొని బెంచీ మీద నుంచి లేపింది. లేస్తుంటే ఆయనకు దగ్గు వచ్చింది. ఈసారి గోడ వైపు తిరగలేదు. ఆమె తన కొంగు ఆయన నోటికి అడ్డం పెట్టింది. పాపను సాయంత్రం దాకా చూసుకోమని నాతో చెప్పి, ఇద్దరూ బండి మీద మంచిర్యాల వెళ్ళారు.

టీబీ అని తేలింది. నెలల తరబడి గోలీలు మింగాడు, మనిషి నిలబడ్డాడు. కాంట్రాక్టర్ మాత్రం నేను భయపడ్డట్టే రావద్దన్నాడు. ఇప్పుడు ఒక కిరాణా కొట్టులో పని చేస్తున్నాడు. ఒక పక్క ఊపిరితిత్తి చాలావరకు చెడిపోయిందని, ఇంకాస్త ముందు రావాల్సిందని డాక్టర్ అన్నాడట. ఇప్పటికీ ఆయన మెట్ల మధ్యలో ఒకసారి కూర్చుంటాడు. ఆ ఇంకాస్త ముందులో నా పది రోజులు కూడా ఉన్నాయి. ఎవరూ నాతో అనలేదు గానీ, నాకు లెక్క తెలుసు.

ఎవరూ అనలేదంటే అబద్ధం. ఆ శనివారం వాళ్ళు వెళ్ళాక నేనూ పాపా ఖాళీ క్లాసులో కూర్చున్నాం. నా డబ్బాలో మిగిలిన పులిహోర ఇద్దరం తిన్నాం. బాపు చచ్చిపోతాడా అని అడిగింది. తెలియదు బిడ్డా అన్నాను. డాక్టర్ చూస్తాడు, అమ్మ పక్కనే ఉంది అన్నాను. మెతుకులు ఏరుకొని తిన్నది.

"మీకైతే ముందుగాల్నే చెప్పిన గద మేడమ్" అంది. "మీరు గూడ తెల్వనట్టే ఉన్నరు."

అది రాగం కట్టి అనలేదు. మామూలుగానే అని, చేయి కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయింది.